ఆ క్యాన్సర్ ఎవరిది?

"మీ ఆసుపత్రి ఒక మనిషి ఒంట్లో లేని క్యాన్సర్‌ని కోసి తీసింది. ఆ సంగతి మీరూ మీ లాయర్లూ చూసుకోండి డాక్టర్. ఉన్న క్యాన్సర్ ఎవరి ఒంట్లో ఉంది? నాకు కావలసింది ఆ ఒక్క పేరు."

ఇన్‌స్పెక్టర్ హెస్టర్ ఇంత సూటిగా మొదలుపెడుతుందని డాక్టర్ మార్నిక్స్ అనుకోలేదు కాబోలు, నోటి దాకా వచ్చిన కాఫీ కప్పు అక్కడే ఆగిపోయింది. మామూలుగా జ్వొల్లె ఊరి పోలీసులు ముందు వానని నాలుగు తిట్లు తిట్టి, కాఫీ తాగి, పక్కన పెట్టిన ఒక్క బిస్కట్టూ తిని, అప్పుడు గానీ పనిలోకి దిగరు. హెస్టర్ కప్పు ముట్టుకోనేలేదు.

"ఆ పేరు తెలిస్తే దాచుకుంటానా?" అన్నాడు మార్నిక్స్. నోర్డర్‌హాఫ్ ఆసుపత్రిలో స్కానింగ్ బొమ్మలు చదివే డాక్టర్లందరికీ అతనే పెద్ద.

"దాచుకున్నారని నేనన్నానా? మీరే అంటున్నారు."

మూడు వారాలుగా హెస్టర్ బుర్ర తినేస్తున్నది ఆ పేరే. గెర్బెన్ అనే ఆయన కాలువ మీద వంతెన ఎత్తి దించే ఉద్యోగి. మార్చిలో రక్తపరీక్ష బాగా లేదంటే ఇక్కడికొచ్చాడు. ఎం.ఆర్.ఐ.లో ప్రోస్టేట్ గ్రంథి మీద అనుమానపు మచ్చ కనపడింది. దానికి గురిపెట్టి సూదితో ముక్కలు తీసి లాబ్‌కి పంపారు. త్వరగా ముదిరే క్యాన్సర్ అని జవాబొచ్చింది. మే నెలలో గ్రంథి మొత్తం తీసేశారు. తీసినదాన్ని పొరలు పొరలుగా కోసి చూస్తే అందులో క్యాన్సర్ ఆవగింజంత కూడా లేదు. మచ్చ ఉత్త వాపు. అక్టోబరు వచ్చింది, గెర్బెన్ మూత్రం ఆగక ఇంకా డయపర్ కట్టుకుని వంతెన గదిలో కూర్చుంటున్నాడు. పెళ్ళాం పక్కన పడుకోవడానికి సిగ్గేస్తోందని వాంగ్మూలంలో చెప్పి, అంత మనిషి హెస్టర్ ముందు భోరుమన్నాడు.

లాబ్‌లో దాచి ఉంచిన క్యాన్సర్ ముక్కలకి డి.ఎన్.ఎ. పరీక్ష చేయించారు. అవి గెర్బెన్‌వి కావు. గెర్బెన్‌కి ముక్కలు తీసిన రోజు, అదే గదిలో ఇలా బయాప్సీ చేయించుకున్న మిగతా ఇద్దరివీ కావు. ఎవడో నాలుగో మగవాడు ఆ గదిలో బల్లెక్కాడు. ఎవడో గానీ, ఏడు నెలలుగా మందూ మాకూ లేకుండా తిరుగుతున్నాడు. రోజులు గడిచేకొద్దీ వాడి బతుకు కుంచించుకుపోతోంది. హెస్టర్‌కి నిద్ర పట్టనివ్వనిది అదే.

"మీ పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి," అంది.

చెప్పడం మొదలుపెట్టగానే మార్నిక్స్ గొంతులో బెరుకు పోయింది. "ఎం.ఆర్.ఐ. బొమ్మలో మచ్చ చుట్టూ నేను గీత గీస్తాను. బయాప్సీ గదిలో అల్ట్రాసౌండ్ బొమ్మ కదులుతూ ఉంటుంది కదా, కంప్యూటర్ నా గీతని తెచ్చి దానిమీద పరుస్తుంది. పూర్వం సూది గుడ్డిగా పోయేది. తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. ఇప్పుడు సరిగ్గా గీత లోపలే దిగుతుంది. బియ్యపు గింజంత తేడా కూడా రాదు."

"సూది దగ్గర అంత గురి ఉన్నవాళ్ళు, ముక్కలు వేసే సీసాల దగ్గర గురి ఎలా తప్పారండీ?"

"అది నర్సు ట్రూస్ పని. ఆవిణ్ణి సస్పెండ్ చేశాం."

"మెషీన్‌లో ఆ సాయంత్రపు బొమ్మలు చెరిపేసింది కూడా ట్రూసేనా?"

"మెమరీ నిండిపోతే పాతవి చెరిపేస్తూ ఉంటాం."

"పాతవి చెరిపితే నేనిక్కడికి ఎందుకొస్తాను? అప్పటికి అన్నిటికన్నా కొత్తవి చెరిపారు. అంతకన్నా పాతవి భద్రంగా ఉన్నాయి."

మార్నిక్స్ బిస్కట్టు తీసుకుని రెండుగా విరిచాడు. రెండు ముక్కలూ అక్కడే పెట్టేశాడు.

హెస్టర్ కాస్త మెత్తబడినట్టు కుర్చీలో వెనక్కి వాలింది. "ఒక్కటి చెప్పండి. ఆ నాలుగోవాడు ఈపాటికి ఎలా ఉంటాడంటారు? మంచాన పడి ఉంటాడా?"

"ఛ ఛ. చూడ్డానికి బాగానే ఉన్నాడు. బరువేమీ తగ్గలేదు." అని, టక్కున ఆగాడు. "అంటే... ఉండి ఉంటాడు. ఈ జబ్బు అంత తొందరగా పైకి కనపడదు."

"అవునవును," అని హెస్టర్ లేచింది. గుమ్మం బయట నిలబడ్డ కానిస్టేబుల్‌కి, డాక్టరుగారు గది దాటకుండా చూసుకోమని కళ్ళతోనే చెప్పింది.

బయాప్సీ గదిలో ట్రూస్ అప్పటికే వచ్చి ఉంది. సస్పెండ్ చేసినవాళ్ళు రాకూడదంటే, పోలీసులు రమ్మన్నారని చెప్పి వచ్చింది. బొద్దుగా, పొట్టిగా, మొహమంతా కోపంగా ఉంది.

చిన్న గది. మధ్యలో కాళ్ళు పైకి పెట్టి పడుకునే బల్ల, పక్కన చక్రాల మీద అల్ట్రాసౌండ్ మెషీను, గోడకి ఒక ట్రే. హెస్టర్ వెళ్ళి ట్రే ముందు నిలబడింది.

"ముక్కలు తీశాక ఏం చేస్తావు ట్రూస్? మాటలొద్దు, చేసి చూపించు."

ట్రూస్ ఖాళీ సీసా తీసి ట్రేలో పెట్టింది. మెషీన్ నుంచి రోగి పేరూ పుట్టినతేదీ ఉండే చీటీ లాగింది. "ఇప్పుడు మనిషి బల్ల మీదే ఉంటాడమ్మా. చీటీ అంటించే ముందు ఆయన చేతే పుట్టినతేదీ పైకి చెప్పిస్తాను. పొద్దుట్నించీ నాలుగుసార్లు చెప్పినా సరే, మళ్ళీ చెప్పాల్సిందే. 'ఇందాకటికీ ఇప్పటికీ మధ్యలో మళ్ళీ పుట్టానా' అని జోకులేస్తారు. వేసుకోనీ. తేదీ చెప్పందే నేను చీటీ అంటించను."

"గెర్బెన్ చేత చెప్పించావా?"

"లేదు."

"మరి?"

"ఆయనే ఆఖరు ఆ రోజు. బల్ల దిగుతున్నాడు. డాక్టర్ మార్నిక్స్ ఏమన్నారంటే, 'చీటీలు నేనంటిస్తాలే ట్రూస్, మనవరాలి పుట్టినరోజన్నావుగా, వెళ్ళు, లేటైతే నీ వంతు కేకు కూడా ఉండదు' అన్నారు. మా కోడలు తలకో ముక్క లెక్కేసి కొంటుందమ్మా. నేను పరిగెత్తాను."

హెస్టర్‌కి ఒళ్ళు మండింది. "ఈ మాట విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగారు? మా పెద్ద, డాక్టర్ రూలోఫ్ నన్ను నిలబెట్టి, 'చీటీల బాధ్యత ఎవరిది?' అన్నారు. నాదే అన్నాను. నిజమేగా? 'అయితే వెళ్ళు' అన్నారు. వెళ్ళాను."

ఈ దేశంలో మనుషులు అడిగినదానికి మాత్రం ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్తారు. అడగనిది చచ్చినా చెప్పరు. హెస్టర్ కూడా అదే మట్టిలో పుట్టింది గనక ఇంకేమీ అనలేకపోయింది.

"మర్నాడు పొద్దున ఏదైనా తేడాగా కనిపించిందా? చిన్నదైనా సరే."

"ట్రే మీద సీసాలతోపాటు పేరు లేని పరీక్ష నమూనా ఒకటుంది. లాబ్ వాళ్ళు సరిగ్గా చూస్తున్నారా లేదా అని అప్పుడప్పుడు ఊరూ పేరూ లేకుండా ఒకటి పంపుతాం. ఎప్పుడు పంపాలో డాక్టర్లిష్టం. తీసుకెళ్ళి ఇచ్చేశాను. ఇంకేం లేదు... ఆఁ, డాక్టర్ రూలోఫ్ సైకిల్ తోసుకుంటూ వచ్చారు. నవ్వొచ్చింది."

"సైకిల్ తోసుకుంటూ వస్తే నవ్వెందుకు?"

"మంచు పడ్డా, గాలి తోసేస్తున్నా సీటు దిగని మనిషి కదమ్మా! పంక్చర్ అన్నారు. నా సైకిల్ ఆయన పక్కనే పెడతాను. రెండు టైర్లూ రాళ్ళలా ఉన్నాయి. వారం రోజులు అలాగే తోసుకుంటూ వచ్చారు. నాకెందుకులే అనుకున్నాను."

హెస్టర్ బల్ల వైపు తిరిగింది. బయాప్సీ సూది కాళ్ళ మధ్య చర్మం గుండా దిగుతుంది. వారం రోజులు సైకిల్ సీటు మీద కూర్చోవద్దని గెర్బెన్‌కి కూడా చెప్పారు. కారులో వెళ్ళవలసి వచ్చిందని ఆయన ఎంత చిరాకుపడ్డాడో!

ఇంతలో ఫోన్ మోగింది. లాబ్ నుంచి. ఆ రోజు ఇక్కడినుంచి వెళ్ళిన ప్రతి ముక్కకీ, ఏదీ వదలకుండా, డి.ఎన్.ఎ. చూడమని పోయిన వారం హెస్టర్ అడిగింది. ఆ జవాబు ఇప్పుడొచ్చింది. వింటూ ఆమె రెండుసార్లు "మళ్ళీ చెప్పండి" అంది.

పేరు లేని ఆ పరీక్ష నమూనా గెర్బెన్‌ది. క్యాన్సర్ లేదని తేలినది అదే.

ఫోన్ ఇంకా చెవి దగ్గరుండగానే తలుపు దబ్బున తెరుచుకుంది. డాక్టర్ రూలోఫ్. ఈ విభాగానికి పెద్ద, గెర్బెన్‌కి ఆపరేషన్ చేసిన సర్జన్, జనవరి నుంచి ఈ ఆసుపత్రికి డైరెక్టర్ కాబోతున్నవాడు. గుమ్మం ఎత్తు మనిషి, యాభై ఆరేళ్ళకి కూడా బొజ్జ రాలేదు.

"ఈవిణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారు?"

"నేనే. మీరు బయటికి గెంటినవాళ్ళని లోపలికి పిలవడమే నా ఉద్యోగం."

"మీ పై అధికారికి ఫోన్ చేశాను."

"చేశారట. మీతో మర్యాదగా మాట్లాడమన్నారు. అదే చేస్తున్నా. కూర్చోండి."

"మీ దయవల్ల నా రోగులు భయపడి వేరే ఊళ్ళకి పోతున్నారు. మూడు వారాలయింది. ఏం పట్టుకున్నారు? ఏమీ లేదు! ఆ లాబ్‌కి ఐదు ఆసుపత్రుల నుంచి సరుకొస్తుంది. కలగాపులగం అక్కడ జరిగింది. వెళ్ళి అక్కడ వెతుక్కోండి."

"నిన్నటిదాకా తప్పు ట్రూస్‌ది అన్నారు. ఇవాళ లాబ్‌ది అంటున్నారు. రేపు వంతెన ఎత్తే గెర్బెన్‌దే అంటారా?"

"హద్దు మీరుతున్నారు ఇన్‌స్పెక్టర్!"

"ట్రూస్, నువ్వు బయట కూర్చో," అంది హెస్టర్. ట్రూస్ వెళ్తూ వెళ్తూ రూలోఫ్ వైపు ఒక చూపు చూసి, తలుపు మెల్లిగా వేసింది.

"మార్చిలో వారం రోజులు సైకిల్ ఎందుకు తోసుకుంటూ వచ్చారు డాక్టర్?"

రూలోఫ్ నవ్వబోయాడు. "పంక్చరైంది."

"వారం రోజులా? ఈ ఊళ్ళోనా? ఆరేళ్ళ పిల్ల కూడా నడిరోడ్డు మీద నిలబడి పంక్చర్ వేసుకుంటుంది."

"ఇదేం విచారణ? నా సైకిల్ గురించా?"

"మీ సైకిల్ సీటు గురించి. గెర్బెన్ బల్ల దిగాక దానిమీద మీరెక్కారు. ముక్కలు తీసింది మీ స్నేహితుడు మార్నిక్స్. కాదనండి, ఇక్కడే కాస్త ఉమ్మి తీసుకుని లాబ్‌కి పంపుతాను. సాయంత్రానికి తేలిపోతుంది."

రూలోఫ్ మొహం జేవురించింది. కాదంటాడనుకుంది. కానీ ఆయన తల ఎగరేసి, చేతులు కట్టుకున్నాడు.

"సరే, చేయించుకున్నాను. ఏం? స్కాన్ జర్మనీలో తీయించుకుని డిస్క్ తెచ్చుకున్నాను. నా పేరు మీద కాగితం పుడితే ఈ బిల్డింగులో యాభై మంది తెరిచి చూస్తారు. 'ప్రోస్టేట్ కోసేవాడికే ప్రోస్టేట్ జబ్బట' అని కాంటీన్లో సూప్ తాగుతూ చెప్పుకుంటారు. డైరెక్టర్ పదవి గాల్లో ఉంది అప్పుడు. అందుకని నాది పరీక్ష నమూనాగా పంపాడు మార్నిక్స్. నియమం తప్పాను, ఒప్పుకుంటాను. కానీ నాది శుభ్రంగా వచ్చింది. ఏమీ లేదు! మీ నాలుగోవాణ్ణి వేరేచోట వెతుక్కోండి."

ఆ చివరి మాటలంటున్నప్పుడు ఆయన కళ్ళలో నిజమైన ధీమా ఉంది. హెస్టర్ అది చూసి నిలువునా నీరుకారిపోయింది. తెలిసే దాస్తున్నాడనుకుని, నిలదీసి దులిపేద్దామని వచ్చింది. ఈ మనిషికి తెలియదు. ఇది చెప్పాల్సింది ఒక డాక్టరు, తెలిసిన మనిషి, మెల్లిగా, పక్కన కూర్చుని. ఇక్కడ తను తప్ప ఎవరూ లేరు.

"డాక్టర్, మీరు కూర్చోవాలి."

"నాకు నిలబడటం అలవాటే."

"గెర్బెన్ సీసాకి చీటీ అంటించేటప్పుడు ఆయన ఇంటికెళ్ళిపోయాడు. మీ సీసాకి అంటించేటప్పుడు మీరు బట్టలేసుకుంటున్నారు. పుట్టినతేదీ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఒక ట్రేలో పక్కపక్కన రెండు సీసాలు. ఇప్పుడే లాబ్ నుంచి ఫోనొచ్చింది. ఆ పరీక్ష నమూనా గెర్బెన్‌ది. శుభ్రంగా వచ్చింది ఆయనది."

రూలోఫ్ ఒక చెయ్యి వెనక్కి చాపి, బల్ల అంచు తడుముకుని కూర్చున్నాడు.

"గెర్బెన్ పేరు మీద వచ్చిన రిపోర్టు మీకు తెలుసు," అంది హెస్టర్.

"నేనే చదివి చెప్పాను ఆయనకి. ఆలస్యం చేస్తే గ్రంథి దాటి పాకిపోతుంది, వెంటనే తీయించుకోమని బతిమాలాను. ఆయనకి ఇష్టం లేదు. వాళ్ళావిడ చేత కూడా చెప్పించాను." కాసేపు తన అరచేతుల్ని చూసుకున్నాడు. "ఈ చేతులతో తీశాను. మంచి గ్రంథి. బాగా కుదిరిందని ఆ రోజు అందరికీ కేకు పెట్టాను."

గెర్బెన్ మీద జాలి, ఈయన మీద కోపం, కోపం మీద మళ్ళీ జాలి, అన్నీ ఒకేసారి హెస్టర్‌కి ముంచుకొచ్చాయి.

"తీసిన గ్రంథి శుభ్రంగా ఉందని తెలిసినప్పుడైనా మీకు అనుమానం రాలేదా?"

"ఆ రోజు బల్లెక్కిన వాళ్ళందర్నీ లెక్కేశాను. ముగ్గురు." తలెత్తాడు. "నన్ను నేను రోగుల్లో లెక్కేసుకోలేదు ఇన్‌స్పెక్టర్. మార్నిక్స్‌కి కూడా తట్టలేదు. పాపం, తెలిస్తే ఎంత కుమిలిపోతాడో!"

"మార్నిక్స్‌కి తెలుసు."

"ఏమిటి?"

"సీసాలు మారడం పొరపాటే. అది నమ్ముతాను. కానీ మే నెలలో గెర్బెన్ గ్రంథి శుభ్రంగా ఉందనగానే అతనికి లెక్క తేలిపోయింది. చెప్తే ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది. నోరు మూసుకున్నాడు. ఇందాక నాతో అన్నాడు, ఆ నాలుగోవాడు చూడ్డానికి బాగానే ఉన్నాడట, బరువేమీ తగ్గలేదట."

"కాదు. వాడు నాకు ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. మీకు తెలీదు." రూలోఫ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆగాడు. చెయ్యి నడుం మీదకి పోయింది.

"ఏమైంది?"

"జూలై నుంచి నడుం నొప్పి. సైకిల్ వల్లే అన్నాడు మార్నిక్స్. ఎక్స్‌రే తనే తీయించి, తనే చదివాడు. 'ఏం లేదురా, ముసలాడివవుతున్నావు' అని వీపు మీద ఒక్కటి చరిచాడు. నేను బొమ్మ కూడా అడగలేదు."

ఆయన లేచి మెషీన్ పక్కనున్న కంప్యూటర్ దగ్గరకి వెళ్ళాడు. ఈసారి యాభై మంది చూస్తారన్న బెంగ పెట్టుకోలేదు. తన పేరు కొట్టి, ఆగస్టు నాటి ఎక్స్‌రే తెరిచాడు. హెస్టర్‌కి నడుం ఎముకలు బూడిదరంగులో వరసగా కనిపించాయి, అంతకుమించి ఏమీ తెలియలేదు. రూలోఫ్ మాత్రం దానివైపు అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత స్క్రీన్ ఆమె వైపు తిప్పి, పెన్నుతో చూపించాడు.

"ఈ తెల్ల మచ్చలు చూశారా? ఇక్కడ, ఇక్కడ, కింద ఇక్కడ. ఎముకల్లోకి పాకింది." రోగులకి చెప్పే గొంతు అది, నిదానంగా, తొణక్కుండా ఉంది.

హెస్టర్ అడగవలసింది అడిగింది. "మార్నిక్స్ వీటిని చూసుకోకపోయి ఉండే అవకాశం ఉందా? తొందరలోనో, మరోలాగో?"

"లేదు," అన్నాడు రూలోఫ్. "వీటిని గుర్తుపట్టడం నాకు నేర్పింది వాడే."